గడువిచ్చే మాట: స్కాట్స్ భాషలో ‘ఫ్రిస్ట్’

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఏడాది ఉపన్యాసానికి విషయం మీరే ఎంచుకోండని నిర్వాహకులు అన్నారు. తెలుగు నిఘంటువుల మీద ఏదో ఒకటి చెబుతాననే అనుకుని ఉంటారు. నేనేమో స్కాట్లండ్ దారి పట్టాను. ఆ దారి చూపించింది, ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మా మాస్టారే. ఆయన భాషాచరిత్ర పాఠం చెబుతూ, మాట ఎక్కడ పుట్టిందన్నదాని దగ్గరే ఆగిపోవద్దనేవారు. పొలం దస్తావేజు చదివినట్టు చదవండి, ఎవరు ఎవరికి రాసిచ్చారు, మధ్యలో ఎన్ని చేతులు మారింది చూడండి అనేవారు. అలా చదవదగ్గ మాట ఒకటి పాత స్కాట్స్‌లో ఉంది. ‘ఫ్రిస్ట్’ అని. ఆలస్యం, వాయిదా, గడువు, అరువు, ఇవన్నీ దాని అర్థాలే.

ముందుగా స్కాట్స్ అంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పుకోవాలి. స్కాట్లండ్‌వాళ్ళు ఇంగ్లీషును యాసగా పలికితే అదే స్కాట్స్ అని మనలో చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఇంగ్లీషూ స్కాట్సూ ఒకే పాత మూలం నుంచి చీలిన తోబుట్టువులు. పదిహేను, పదహారు శతాబ్దాల్లో ఎడిన్‌బరోలో పార్లమెంటు చట్టాలు చేసిందీ, పట్టణ పంచాయతీలు తీర్మానాలు రాసుకున్నదీ, వర్తకులు ఖాతాలు రాసుకున్నదీ ఈ భాషలోనే. ఉత్తరాన కొండల్లో మాట్లాడే గేలిక్ వేరే కుటుంబపు భాష. 1707లో ఇంగ్లండ్‌తో ఏకమయ్యాక స్కాట్స్ రాజభాష హోదా పోగొట్టుకుంది. ఆ ఒప్పందంలోనే స్కాట్లండ్ తన న్యాయస్థానాలను మాత్రం విడిగా నిలబెట్టుకుంది. అందుకే పాత మాటలు చాలావరకు కోర్టు కాగితాల్లో తలదాచుకున్నాయి.

ఇక మన మాట. జర్మన్‌లో ‘ఫ్రిస్ట్’ ఉంది. స్వీడిష్, డేనిష్, నార్వేజియన్ భాషల్లోనూ ఉంది. ఐస్‌లాండిక్‌లో ‘ఫ్రెస్టుర్’ అంటారు. పాత ఇంగ్లీషులో కూడా ఇదే మాట కొంత కాలం, వ్యవధి అనే అర్థంలో ఉండేది. ఇంగ్లీషు దాన్ని వదిలేసింది, స్కాట్స్ ఉంచుకుంది. ఉంచుకుని సంతకు తీసుకెళ్ళింది. వస్తువును ‘ఫ్రిస్ట్‌కు’ ఇవ్వడమంటే అరువుకు ఇవ్వడం. బాకీదారును ‘ఫ్రిస్ట్’ చేయడమంటే కాస్త ఆగుతానని మాటివ్వడం. ఇవాళ నార్వేలోనో డెన్మార్క్‌లోనో ఒక ఆఫీసుకు వెళితే ఇదే మాటను దరఖాస్తుకు ఆఖరి తేదీ అనే అర్థంలో వాడతారు. వెసులుబాటుగా మొదలైనది హద్దుగా మారింది. మనకిది కొత్తేమీ కాదు. ‘గడువు ఇచ్చారు’ అన్నప్పుడు ఊపిరి పీల్చుకుంటాం, ‘గడువు దాటింది’ అన్నప్పుడు గుండె దడ.

ఆలస్యానికి స్కాట్స్‌లో మాటల కరువు లేదు. ‘స్విదర్’ అంటే ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడటం. ‘టేగల్’ అంటే దారిలో చిక్కుపడి జాగు చేయడం, లేదా ఇంకొకరిని ఆపి జాగు చేయించడం. ‘డేడల్’ అంటే పని పెట్టుకుని కాళ్ళీడ్చడం. వీటిలో తప్పు జాగు చేసినవాడిదో చేయించినవాడిదో అవుతుంది. ‘ఫ్రిస్ట్’ తీరు వేరు. దానికి ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ కావాలి. ఇక్కడ ఆలస్యం బద్ధకం కాదు, ఒకరు ఇంకొకరికి ఇచ్చుకునే వస్తువు. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నదంతా ఈ తేడా గురించే.

ఆ వస్తువు ఉచితమని అనుకోకండి. స్కాట్స్‌లో ఒక పాత సామెత ఉంది. గడువిచ్చినంత మాత్రాన బాకీ మాఫీ అయినట్టు కాదని దాని భావం. జర్మన్‌లోనూ ఇదే అర్థం వచ్చే సామెత ఉంది. వడ్డీ వ్యాపారి కొట్టు ముందు పుట్టిన నీతి ఇది. బాకీదారులు దీన్ని పుట్టించి ఉండరని నా నమ్మకం.

ఈ మాట మన దాకా ఎలా చేరిందో చెప్పాలి, ఎందుకంటే అదీ ఒక ఆలస్యాల కథే. జాన్ జేమీసన్ అనే పాదిరీ పద్దెనిమిదో శతాబ్దం చివర స్కాట్లండ్ తూర్పు ప్రాంతంలో ఫర్‌ఫర్ అనే చిన్న ఊళ్ళో ఉండేవాడు. ఐస్‌లాండ్‌లో పుట్టిన థోర్కెలిన్ అనే పండితుడు ఆయనకు ఒక సంగతి చెప్పాడు. ఇక్కడి రైతుల నోట వినబడుతున్న మాటలు మా ప్రాచీన భాషలోనూ ఉన్నాయి, ఇవి చెడిపోయిన ఇంగ్లీషు కాదు అన్నాడు. జేమీసన్‌కు అది బాగా పట్టుకుంది. ఏళ్ళ తరబడి పదాలు పోగేసి 1808లో రెండు సంపుటాల నిఘంటువు అచ్చు వేశాడు. ఆయన చెప్పిన వ్యుత్పత్తులు కొన్ని ఈవేళ నిలబడవు. పోగుచేసిన పదసంపద మాత్రం నిలబడింది.

తరువాతి అధ్యాయం డండీలో పుట్టిన విలియం క్రేగీది. ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు సంపాదకుల్లో ఒకడు. పాత స్కాట్స్‌కు విడిగా ఒక నిఘంటువు కావాలని 1919లో ప్రతిపాదించాడు. స్వచ్ఛంద పాఠకులు పాత చట్టాలూ, పద్దులూ, ఉత్తరాలూ చదివి, వాక్యం వాక్యం చీటీల మీదికి ఎత్తి రాశారు. మొదటి భాగం 1931లో వచ్చింది. క్రేగీ 1957లో పోయాడు. ఆయన తరవాత ఆ బరువు ఎ.జె. ఐట్‌కెన్ దశాబ్దాల పాటు మోశాడు. పన్నెండో సంపుటం 2002లో ముగిసింది. మొదలుపెట్టినవాడు ముగింపు చూడలేదు, ఆ తరవాత మోసినవాడూ చూడలేదు, ఐట్‌కెన్ 1998లోనే కన్నుమూశాడు. పిఠాపురం రాజావారి పోషణలో మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వెలువడిందని తెలిసినవారికి ఇదేమీ వింత కాదు. నిఘంటువుకారుడికి దొరికేది ఎప్పుడూ ఫ్రిస్టే. డబ్బులిచ్చేవాళ్ళు ఇంకో సంవత్సరం ఓపిక పట్టారా లేదా అన్నదే ప్రశ్న. కొత్త స్కాట్స్‌కు వేరేగా పది సంపుటాల జాతీయ నిఘంటువు 1976కి పూర్తయింది. 2004 నుంచి రెండూ కలిపి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి.

ఈ చీటీల్లో నాకు బాగా నచ్చిన మనిషి ఒక పాదిరీ. శామ్యూల్ రూథర్‌ఫోర్డ్. నైరుతి తీరాన ఆన్‌వొత్ అనే పల్లెలో గురువుగా ఉండేవాడు. బిషప్పుల పెత్తనాన్ని ఎదిరించాడని 1636లో ఆయన్ని అబర్డీన్‌లో ఉండమని శాసించి, ప్రసంగం చెయ్యనివ్వలేదు. నోరు కట్టేశారు కనుక చేత్తో మాట్లాడాడు. ఆయన ఉత్తరాల్లో పెద్ద భాగం అక్కడి నుంచి రాసినవే. అవి చదివితే భక్తుడు రాశాడా, షావుకారు రాశాడా అనిపిస్తుంది. పరలోకం గురించి చెబుతూ పూచీ అంటాడు, హామీ అంటాడు, బాకీ అంటాడు. ‘ఫ్రిస్ట్’ అనే మాటను కూడా పలుచోట్ల వాడాడు. దేవుడు తన సుఖాన్ని అరువు పెట్టుకున్నాడనో, శిక్షకు గడువిచ్చాడనో చెప్పడానికి అంగడి మాట కన్నా తగినది ఆయనకు దొరకలేదు. వినే జనం కూడా అంగడి మనుషులే. పాండిత్యంలో ఏమీ తక్కువవాడు కాదు. 1644లో ఆయన రాసిన ‘లెక్స్ రెక్స్’ రాజు కూడా చట్టానికి లోబడవలసినవాడేనని వాదించింది. 1660లో రాచరికం తిరిగి వచ్చాక దాన్ని బహిరంగంగా తగలబెట్టారు. రాజద్రోహం కేసులో ఆయనకు పిలుపు వచ్చింది. అప్పటికి ఆయన మంచం పట్టి ఉన్నాడు. అంతకన్నా పెద్ద న్యాయస్థానం నుంచి తనకు ముందే పిలుపు వచ్చిందని జవాబు పంపాడని చెబుతారు. 1661 మార్చిలో కన్నుమూశాడు. ఆయన మీది కేసు వాయిదా పడలేదు, కొట్టివేయబడిందని మా మాస్టారు చమత్కరించేవారు.

భక్తి మాటలు పక్కన పెట్టి బాకీలోకి వద్దాం. గడువు ఇవ్వనని అప్పులవాడు మొండికేస్తే స్కాట్లండ్‌లో ఏం జరిగేది? రాజు పేరుతో ఒక ఆజ్ఞాపత్రం వచ్చేది. బాకీ కట్టమని రాజే ఆజ్ఞాపించినట్టన్నమాట. కట్టకపోతే ఎడిన్‌బరో సంత స్తంభం దగ్గర కొమ్ము మూడుసార్లు ఊది, ఫలానావాడు రాజద్రోహి అని చాటేవారు. ‘కొమ్ము ఊదించడం’ అనే ఈ పద్ధతి కాగితాల మీద 1987 దాకా బతికింది. వాల్టర్ స్కాట్ 1816లో రాసిన ‘ది యాంటిక్వరీ’ నవలలో ఒక వృద్ధ పండితుడు తన మేనల్లుడికి దీన్ని విడమరిచి చెబుతాడు. మన దేశంలో అప్పు ఉన్నందుకు ఎవరినీ జైల్లో పెట్టరు, రాజు మాట విననందుకు పెడతారు, అంతే అని. అందులో వెటకారం దాచుకోలేదు. స్కాట్ స్వయంగా న్యాయవాది, సెషన్ కోర్టులో గుమాస్తా ఉద్యోగి, సెల్‌కర్క్ జిల్లాకు షెరిఫ్. అప్పుల పద్ధతి లోపలి నుంచి తెలిసినవాడు.

కొమ్ము మోగక ముందే బాకీదారుకు ఒక దారి ఉండేది. ఎడిన్‌బరోలో హోలీరూడ్ మఠం, దాని వెనక ఆర్థర్స్ సీట్ కొండతో సహా విశాలమైన మైదానం. 1128లో మొదటి డేవిడ్ రాజు కట్టించిన మఠం అది. ఆ హద్దులోకి అడుగు పెడితే అప్పులవాళ్ళు పట్టుకోవడానికి వీల్లేదు. ఒక రోజు లోపల అక్కడి అధికారి దగ్గర పేరు రాయించుకుని గది అద్దెకు తీసుకుని ఉండిపోవచ్చు. వాళ్ళను ఊరంతా ‘మఠం జమీందార్లు’ అని ఎగతాళి చేసేది. ఆదివారం అరెస్టులు చెయ్యరు కనుక ఆ ఒక్కరోజు బయటికి వచ్చి భార్యాబిడ్డల్ని చూసుకుని అర్ధరాత్రి లోపల గీత దాటి వెనక్కి వెళ్ళిపోవచ్చు. ఇంగ్లీషు రచయిత థామస్ డిక్విన్సీ 1830లలో ఇక్కడ తలదాచుకున్నాడు. ఇవాళ అక్కడికి వెళ్ళేవాళ్ళకు, హోలీరూడ్ రాజభవనం ముందు రోడ్డు రాళ్ళ మధ్య ఇత్తడితో పొదిగిన ‘ఎస్’ అక్షరాలు కనిపిస్తాయి. అక్కడే ఆ గీత. గడువును నేల మీద కొలిచి హద్దు గీసిన చోటు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో నేను వినలేదు.

హద్దు దాటిన గడువుకు ఖరీదేమిటో 1692 చెబుతుంది. గ్లెన్‌కో కథలో మనుషులు గేలిక్ మాట్లాడేవాళ్ళు, వాళ్ళకు ఫ్రిస్ట్ అనే మాటతో పని లేదు. కానీ కథ మొత్తం తేదీల మీద నడుస్తుంది, అందుకే చెబుతున్నాను. విలియం రాజుకు విధేయత ప్రమాణం చేసిన కొండజాతి నాయకులకు క్షమాభిక్ష అని 1691 ఆగస్టులో ప్రకటించారు. గడువు 1692 జనవరి 1. నాయకులు అంతకుముందు పాత రాజు ఏడో జేమ్స్‌కు మాటిచ్చి ఉన్నారు. ఫ్రాన్స్‌లో తలదాచుకున్న ఆ జేమ్స్, ‘మిమ్మల్ని వదిలేస్తున్నాను’ అని చెప్పడానికి నెలలు నాన్చాడు. ఆయన అనుమతి స్కాట్లండ్ చేరేసరికి డిసెంబరు నడుస్తోంది. గ్లెన్‌కో నాయకుడు మెకియన్ అనే ముసలాయన డిసెంబరు ఆఖరున ఫోర్ట్ విలియంలోని కర్నల్ హిల్ దగ్గరికి వెళ్ళాడు. హిల్ సైనికాధికారి, ప్రమాణం చేయించే అధికారం లేదు. ఇన్వెరారీలోని షెరిఫ్ దగ్గరికి వెళ్ళమని ఉత్తరం రాసిచ్చాడు. మంచులో కొండలు దాటుతుంటే దారిలో సైనికులు పట్టుకుని ఆపారు. ఇన్వెరారీ చేరేటప్పటికి గడువు దాటింది. షెరిఫ్ ఆర్డ్‌కింగ్లస్ కొత్త సంవత్సరం పండక్కని సరస్సు అవతలికి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చాక ముసలాయన కాళ్ళావేళ్ళా పడితే జనవరి 6న ప్రమాణం చేయించాడు. ఆ కాగితం ఎడిన్‌బరో చేరింది. ఆలస్యమైందని అక్కడ ఆయన పేరు కొట్టేశారు.

మంత్రి జాన్ డాల్‌రింపుల్‌కు ఇదే అదునుగా దొరికింది. గ్లెన్‌లయన్ కాంప్‌బెల్ నాయకత్వంలో సుమారు 120 మంది సైనికులు వచ్చి గ్లెన్‌కో లోయలోని ఇళ్ళల్లో దిగారు. పదిరోజులకు పైగా ఆ ఇళ్ళవాళ్ళ ఉప్పు తిన్నారు, వాళ్ళ పొయ్యి పక్కనే పడుకున్నారు. ఫిబ్రవరి 13 తెల్లవారుజామున వాళ్ళనే చంపారు. సుమారు 38 మంది. మంచులోకి పారిపోయి చచ్చిపోయినవాళ్ళు వేరు. అతిథిగా ఉంటూ చంపడాన్ని స్కాట్లండ్ చట్టం రాజద్రోహంతో సమానమని 1587లోనే ప్రకటించింది. ఆ చట్టం ఆ రోజు ఎవరికీ అడ్డు రాలేదు. వింతేమిటంటే, డాల్‌రింపుల్ తండ్రి స్టెయిర్ ప్రభువు, స్కాట్లండ్ చట్టానికి పునాది అనదగ్గ గ్రంథం 1681లో రాసిన మహా న్యాయశాస్త్రవేత్త. బాధ్యతలూ ఒప్పందాలూ ఎలా నిలబడాలో తండ్రి రాశాడు. కొడుకు అయిదు రోజుల ఆలస్యాన్ని పట్టుకుని ఒక లోయను నాశనం చేశాడు. అలాంటి ఆలస్యాన్ని మన్నించడానికి అధికారికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం రాయగలిగినవాడు రాయలేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో గడువు ఇచ్చే పని బ్యాంకుల చేతికి వెళ్ళింది. 1695లో బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్, 1727లో రాయల్ బ్యాంక్ వచ్చాయి. రెంటికీ గిట్టేది కాదు. రాయల్ బ్యాంక్ తన పోటీదారు నోట్లను పోగేసి ఒక్కసారిగా ముందు పెట్టి నాణేలు ఇమ్మనడంతో 1728లో పాత బ్యాంకు తలుపులు మూసుకోవలసి వచ్చింది. దెబ్బ తిన్నవాళ్ళు 1730లో నోటు మీదే ఒక షరతు అచ్చు వేశారు. నోటు చూపిస్తే పౌను ఇస్తాం, లేదా డైరెక్టర్ల ఇష్టం మీద ఆరు నెలల తరవాత పౌనూ ఆరు పెన్నీలూ ఇస్తాం అని. అంటే ఫ్రిస్ట్ అనేది ఇప్పుడు జేబులో కరెన్సీగా తిరుగుతోంది. ఇచ్చేవాడే పుచ్చుకునేవాడు కూడా. 1765 చట్టం దాన్ని ఆపింది. రాయల్ బ్యాంక్ అంతకుముందే మరో దారి కనిపెట్టింది. 1728లో విలియం హాగ్ అనే ఎడిన్‌బరో వర్తకుడికి, ఖాతాలో ఉన్నదానికి మించి వెయ్యి పౌన్ల దాకా తీసుకోవచ్చని అనుమతి ఇచ్చింది. ఈవేళ మనం ఓవర్‌డ్రాఫ్ట్ అంటున్నది అదే. దుకాణం ముందు నిలబడి ఒకరి ముఖం చూసి ఒకరు ఇచ్చుకునే గడువు, ఒక శాతంగా, ఒక కాగితంగా మారింది.

1826 జనవరిలో, ఇందాక చెప్పిన వాల్టర్ స్కాట్ ప్రచురణ భాగస్వాములు మునిగిపోయారు. ఆయన నెత్తిన పడ్డ అప్పు సుమారు 1,20,000 పౌన్లు. చాలామంది సలహా, అంతో ఇంతో కట్టి చేతులు దులుపుకో అని. ఆయన అడిగింది తగ్గింపు కాదు, కాలం. ఆస్తిని ట్రస్టుకు రాసిచ్చి, ఇక నా చెయ్యే తీరుస్తుంది అని కూర్చున్నాడు. నవలలూ నెపోలియన్ చరిత్రా ఆ బాకీ పని కిందే రాశాడు. 1827లో ఒక అప్పులవాడు పట్టుబట్టితే, హోలీరూడ్ హద్దులోకి వెళ్ళడమా అని ఆయన కూడా ఆలోచించాల్సి వచ్చింది. 1832 సెప్టెంబరులో చనిపోయాడు. మిగిలిన బాకీ ఆయన పుస్తకాల హక్కులే తీర్చాయి. స్కాట్లండ్‌లో ఆయనను ఆరాధిస్తారు కానీ, ఆయనకు కాలం ఇచ్చిన అప్పులవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు. ఫ్రిస్ట్ ఇచ్చినవాడికి చరిత్రలో చోటు తక్కువే.

ఇప్పుడు మాట ఏమైందంటే, అది ఇంటి వాడుకలోంచి వెళ్ళిపోయింది. కోర్టులో మిగిలినవి లాటిన్ మాటలు. కేసు ఆపితే ‘సిస్ట్’ చేశారంటారు. జడ్జి తీర్పు ఆలోచించుకోవడానికి తీసుకుంటే ‘అవైజాండమ్’ అంటారు, మన కోర్టుల్లో తీర్పు రిజర్వు చేయడం లాంటిదే. బాకీ వసూలు చేసే ప్రక్రియకు ఇప్పటికీ ‘డిలిజెన్స్’ అని పేరు. శ్రద్ధ అనే అర్థం వచ్చే మాట వసూళ్ళకు పెట్టుకోవడంలోని హాస్యం స్కాట్లకు తెలుసు. ఈ మాటలు ఎవరు పలికినా పలికింది కార్యాలయం. ఫ్రిస్ట్ పలకాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి తప్పుకున్నాక మాట తప్పుకుందని నాకు అనిపిస్తుంది. ఇది నిరూపించగలిగే సంగతి కాదు, నా అభిప్రాయంగానే పుచ్చుకోండి.

ఈ స్కాట్లండ్ కథతో మన నేలకూ ఒక నిజమైన సంబంధం ఉంది. గ్లాస్గోలో 1761లో పుట్టిన థామస్ మన్రో రాయలసీమ దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చాడు. రైతుల మీద శిస్తు మోయలేనంత ఉందని తెలుసుకుని, నాలుగో వంతు తగ్గించమని 1807లో పైవాళ్ళకు రాశాడు. ఈస్టిండియా కంపెనీ ఒప్పుకోలేదు. ఆయన మద్రాసు గవర్నరయ్యాక, 1820లో గాని ఆ తగ్గింపు అమలు కాలేదు. పదమూడేళ్ళు. మెట్టపొలాల మీద ఆ తేడా కట్టుకుంటూ ఎదురుచూసినవాళ్ళు మన పూర్వీకులే. ఉద్యోగం విడిచి వెళ్ళిపోతానన్న మన్రో బర్మా యుద్ధం వల్ల ఆగవలసి వచ్చింది. 1827 జూలైలో వీడ్కోలు యాత్రలో పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. స్కాట్లండ్ చేరలేదు.

మాస్టారి శిష్యులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. స్కాట్లు నిఘంటువు కట్టుకోగలిగింది పండితుల పుస్తకాల వల్ల మాత్రమే కాదు, పంచాయతీ పద్దులూ, వర్తకుల ఖాతాలూ ఎవరో పారెయ్యకుండా ఉంచడం వల్ల. మన ఇళ్ళలో తాతల నాటి ప్రోనోట్లు, కిస్తు రశీదులు, షాపు ఖాతా పుస్తకాలు అటకల మీద ఉన్నాయి. గడువు, వాయిదా, ముద్దతు, కిస్తు, తడవు వంటి మాటలు ఏ ఊళ్ళో ఏ సంవత్సరంలో ఎవరు ఎవరికి ఏ షరతు మీద వాడారో వాటిలో ఉంది. పాత కాగితాల వాడికి తూచి ఇచ్చే ముందు ఫోటో తీసి, ఊరి పేరూ సంవత్సరమూ రాసి, దగ్గర్లో ఉన్న విశ్వవిద్యాలయం తెలుగు శాఖకు పంపండి. నాకు పంపినా ఎక్కించి పెడతాను.